హస్తవాసి పోయిన సిస్టరమ్మ

వెతికితే ప్రతి వీధిలోనూ బీఎస్సీ నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతె ఉంటుంది. మా వీధికి ఎదురింటి అమ్మాయి ఉంది. ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్‌లో ర్యాంకు అందలేదు. "ఏదైతేనేం, తెల్లబట్టలేగా" అని వాళ్ల నాన్న నర్సింగులో చేర్పించాడు. చేరి పది రోజులైనా కాకముందే వీధి ఆమెను ఆస్థాన వైద్యురాలిగా నియమించేసుకుంది. జీతం లేదు, ఓపీ టైము లేదు. గుమ్మంలోకి చీపురు పట్టుకుని వచ్చినా సరే, ఎవరో ఒకరు నాలుక చాపి నిలబడేవారు.

మొదటి సంవత్సరం ఆమెకు తెలియని విషయం లేదు. మా అమ్మ మోకాలు నొప్పి అంటే "మనిషికి 206 ఎముకలుంటాయి బామ్మగారూ" అని మొదలుపెట్టేది. 206లో తన వాటా నొప్పి ఏ ఎముకదో తేలక మా అమ్మ మధ్యలో నిద్రపోయేది. అయినా లేచాక "ఆ పిల్ల చేయి పడితే చాలు, సగం తగ్గుతుంది" అనేది.

స్టెతస్కోప్ కొన్న సాయంత్రం వీధికి వీధే క్యూ కట్టింది. ఆ గొట్టం చెవుల్లో పెట్టుకునేటప్పుడు కొసలు ముక్కువైపు వంగి ఉండాలట. ఆమె వెనక్కి తిప్పి పెట్టుకుంది. వినపడింది శూన్యం. ఎదురుగా కూర్చున్నదేమో రిటైర్డ్ హెడ్మాస్టరుగారు, అదీ రాజకీయాలు మాట్లాడుతూ. బీపీ మిషను ముల్లు కాస్త వణికినచోట చూసి "170" అనేసింది. ఆయన నెల రోజులు ఆవకాయ ముట్టలేదు. ఆవకాయ మానాక తనకు ఒళ్లు తేలికపడిందని పదిమందికీ చెప్పారు కూడా.

సెలవులకు వస్తే బత్తాయిలకు గండం. కండలోకైతే సూది నిటారుగా 90 డిగ్రీలు, చర్మం కిందికైతే 45, చర్మంలోకే అయితే దాదాపు పడుకోబెట్టి 10, 15. నీళ్లు నింపిన సిరంజితో బత్తాయి తొక్కమీద ఇవన్నీ సాధన చేసేది. ఆ రోజుల్లో వాళ్లింట్లో జ్యూసు తాగినవాళ్లందరూ వాళ్లమ్మ పిసినారితనం గురించి చెప్పుకున్నారు. పాపం, ఆవిడ ఒక్క చుక్క నీళ్లు కలిపి ఎరగదు.

బత్తాయి అరవదు, మనిషి అరుస్తాడు. మొదటిసారి వార్డులో సూది వేసింది ఒక లారీ డ్రైవరుకి. ఈమె చేతులు వణుకుతుంటే ఆయనే "పర్లేదమ్మా, గుచ్చు" అని ధైర్యం చెప్పాడట. "ఇద్దరం కళ్లు మూసుకున్నాం బాబాయ్. ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఒక్కరే తెరిచి ఉంచారు" అని తర్వాత నాకు చెప్పింది. ఆ చెప్పడంలో 206 ఎముకల గొంతు లేదు. నేను తేడా గమనించింది అప్పుడే.

నర్సింగు కాలేజీలో లాంప్ లైటింగ్ వేడుక రోజు దీపం పట్టుకుని దిగిన ఫొటో మాత్రం వాళ్ల హాల్లో వేంకటేశ్వరస్వామి పక్కనే ఉంది. పండక్కి వచ్చిన చుట్టాలు ఇద్దరికీ కలిపి దండం పెడతారు. పద్దెనిమిదేళ్లు కప్పుకున్న దుప్పటి మడత పెట్టని పిల్ల, ఇప్పుడు మంచం మీద దుప్పటి మూలలు కవరు అంచుల్లా బిగించేస్తోంది. వాళ్ల నాన్న రాత్రి కాలు చాపుకోవాలంటే కాసేపు కుస్తీ పట్టాల్సిందే. బెడ్ మేకింగ్ మార్కులు ఆమెకు, పిక్కల నొప్పి ఆయనకు.

తర్వాత పిల్లల వార్డు, కాన్పుల వార్డు, ఊళ్లలో ఇంటింటికీ తిరిగే పోస్టింగులు. కోడలిని అడిగిన ప్రశ్నకు అత్తగారే జవాబు చెప్పే ఇళ్లు ఎన్ని చూసిందో ఏమో, నాలుగో సంవత్సరానికి మాట తగ్గిపోయింది. ఇప్పుడెవరు నాలుక చాపినా ఒకటే జవాబు: "డాక్టరుకి చూపించండి." జలుబుకి యాంటీబయాటిక్ పేరు చెప్పమంటే చెప్పదు. వీధి మనసు విరిగిపోయింది. "చేరిన కొత్తలో ఎంత బాగా చెప్పేది! చదివేకొద్దీ మర్చిపోతోంది" అని మా అమ్మ బెంగ.

హెడ్మాస్టరుగారి బాధ వేరు. మొన్న బీపీ చూడమంటే "ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి తాతగారూ. కాలు మీద కాలు తీయండి. మాట్లాడకండి" అందట. జీవితమంతా పిల్లల నోళ్లు మూయించిన మనిషి నోరు మూయించింది! పైగా 134 వచ్చింది. "170 చెప్పిన మిషనే నిఖార్సయింది" అని ఆయన తీర్పు.

ఒకసారి ఉండబట్టలేక "దీపం పట్టుకున్న నైటింగేల్ శిష్యురాలివి, ఇలా చీకట్లో పెడితే ఎలా?" అన్నాను. "దీపం రాత్రిళ్లు బాబాయ్. ఆవిడ అసలు పని లెక్కలు" అంది. 1854లో నైటింగేల్ 38 మంది నర్సులతో క్రిమియా యుద్ధానికి వెళ్లింది. గాయాలకన్నా రోగాలతోనే సైనికులు ఎక్కువగా చచ్చిపోతున్నారని, ఎవరు దేనివల్ల పోయారో లెక్కగట్టి, రంగుల బొమ్మలు గీసి సర్కారుకి చూపించిందట. ఆ లెక్కల బొమ్మ మాత్రం ఎవరూ ఫ్రేము కట్టించుకోరు.

పోయిన నెల నాకు దగ్గు, జ్వరం. వచ్చి మంచం పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంది. నాడి చూస్తోంది కదా అని చొక్కా సర్దుకుని హుందాగా పడుకున్నాను. నిమిషమైంది. ఇంకో నిమిషమూ అయింది. చెయ్యి వదలదు, కళ్లు వాచీ మీదా నా ఛాతీ మీదా.

"నాడి ఇంకా దొరకలేదా అమ్మా?"

"అది ఎప్పుడో అయింది. ఊపిరి లెక్కపెట్టాను. చెప్పి లెక్కపెడితే మీరు మర్యాదగా పీలుస్తారు, అందుకే చెప్పలేదు. 26 ఉంది బాబాయ్. రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఆటో పిలుస్తాను" అని చెప్పులేసుకుంది.

వంటింట్లోంచి మా ఆవిడ: "ఏం మాత్ర చెప్పింది?"

"ఏం చెప్పలేదు."

"అనుకున్నాను. మొదటి సంవత్సరంలో అయితే ఈపాటికి మూడు రకాలు చెప్పేది."