నాలుగేళ్ల పెళ్లికొడుకును కన్న తండ్రికి జేజేలు

నాలుగో ఎడ్వర్డ్ మహారాజా, ఇంగ్లండును ఏలినవాళ్లలో బిడ్డ భవిష్యత్తు గురించి నీ అంత ముందుగా ఆలోచించినవాళ్లు అరుదు. 1473 ఆగస్టు 17న ష్రూస్‌బరీలో నీ రెండో కొడుకు రిచర్డ్ పుట్టాడు. ఏడాది తిరక్కుండానే వాణ్ణి యార్క్ డ్యూకును చేశావు. సింహాసనం అన్నకు పోతుంది, చిన్నవాడికి ఏదో ఒక ఆధారం చూడాలి. ఏ తండ్రికైనా ఉండే చింతే అది. తీర్చుకున్న తీరులోనే నీ ప్రతిభంతా ఉంది.

1476 జనవరిలో నార్‌ఫోక్ డ్యూకు జాన్ మౌబ్రే హఠాత్తుగా చనిపోయాడు. కొడుకుల్లేరు. ఫ్రామ్లింగ్‌హామ్ కోటలో పుట్టిన మూడేళ్ల ఆన్ ఒక్కతే సంతానం. ఊళ్లోవాళ్లకు తండ్రి లేని పసిపిల్ల కనిపించి ఉంటుంది. నీకు ఆ పిల్ల వెనకనున్న కోటలూ, భూములూ కనిపించాయి. దుఃఖం కళ్లకు అడ్డుపడకుండా చూడగలగడం రాజలక్షణం కాక మరేమిటి!

1478 జనవరి 15న వెస్ట్‌మిన్‌స్టర్‌లోని సెయింట్ స్టీఫెన్స్ చాపెల్లో పెళ్లి. వరుడికి నాలుగేళ్లు, వధువుకు ఐదు. ఆడపిల్లకు పన్నెండు, మగపిల్లవాడికి పద్నాలుగు నిండితే గానీ పెళ్లి కట్టుబడదని చర్చి శాస్త్రం. అంతదాకా ఆగితే ఆస్తి ఆగుతుందా? రక్తసంబంధం అడ్డొస్తుందంటే పోపు దగ్గర్నుంచి అనుమతి తెప్పించావు. ఒక్క కాగితం తక్కువ కాకుండా జరిపించావు. పెళ్లికొడుకు బాబాయి, గ్లాస్టర్ డ్యూకు రిచర్డ్, జనం మీదికి వెండి బంగారు నాణేలు వెదజల్లాడు. ఆ బాబాయి చేతుల్ని ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి.

మర్నాడే పార్లమెంటు కూడింది. నీ సొంత తమ్ముడు క్లారెన్స్ మీద రాజద్రోహం మోపావు, ఫిబ్రవరి 18న లండన్ టవర్‌లో ప్రాణం తీయించావు. పెళ్లికి తరలివచ్చిన ప్రభువులకు రెండో ప్రయాణం లేకుండా చేసిన నీ దయ గొప్పది.

వియ్యపురాలి మీదా అంతే దయ. భర్త పోయిన ఎలిజబెత్ టాల్బట్‌కు మనోవర్తిగా ఘనమైన భూములు దక్కాయి. వాటిని అల్లుడి పేర వదులుకుని, తక్కువ విలువైనవి పుచ్చుకునే ఏర్పాటు చేయించావు. వితంతువుకు అంత భూమి బరువే కదా.

ఆన్ 1481 నవంబరులో గ్రీనిచ్‌లో చనిపోయింది. తొమ్మిదేళ్లు నిండలేదు. నీ కొడుకు ఎనిమిదేళ్లకే భార్య పోయినవాడయ్యాడు. న్యాయంగా ఆ ఆస్తి పిల్ల రక్తబంధువులకు, జాన్ హోవర్డ్‌కూ విలియం బర్క్‌లీకీ, చేరాలి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని తెలిసినవాడివి, 1483 జనవరి పార్లమెంటులో చట్టం చేయించావు. కోడలు గడప దాటి పోయినా ఆమె ఎస్టేట్లు దాటలేదు. బర్క్‌లీకి బాకీలు రద్దయ్యాయి. నిన్నే నమ్ముకుని ఏళ్ల తరబడి కొలిచిన హోవర్డ్‌కు చిల్లిగవ్వ రాలేదు. నమ్మినవాడి దగ్గర తీసుకుంటే గొడవ చేయడన్న ధీమా ఎంతటివారికి ఉంటుంది!

ఏప్రిల్ 9న నువ్వు పోయావు. నీ రాణి పిల్లలతో వెస్ట్‌మిన్‌స్టర్ శరణాలయంలో తలదాచుకుంది. జూన్ 16న రిచర్డ్‌ను తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్లి టవర్‌లో ఉన్న అన్నతో చేర్చారు. నువ్వు రాణి కంటే ముందే ఎలియనార్ టాల్బట్‌కు పెళ్లిమాట ఇచ్చావు గనక రాణితో నీ పెళ్లి చెల్లదనీ, నీ పిల్లలు సక్రమ సంతానం కారనీ తేల్చేశారు. ఆ ఎలియనార్ ఎవరు? నీ వియ్యపురాలికి అక్క, పసికోడలికి పెద్దమ్మ. పోపు అనుమతి దాకా వెళ్లి కొడుకు పెళ్లిని కట్టుదిట్టం చేసిన నీకు సొంత పెళ్లి సంగతి తట్టలేదు. మహారాజులకు చిన్న విషయాలు గుర్తుండవు.

జూన్ 26న నాణేలు చల్లిన బాబాయి రాజయ్యాడు. జూన్ 28న హోవర్డ్‌ను నార్‌ఫోక్ డ్యూకునూ, బర్క్‌లీని నాటింగ్‌హామ్ ఎర్ల్‌నూ చేశాడు. రెండూ నీ కొడుకు బిరుదులే. వాడు చనిపోయాడని అప్పటికి ఎవరూ ప్రకటించలేదు. అన్నదమ్ములిద్దరూ కొంతకాలం టవర్ తోటలో బాణాలు వేస్తూ ఆడుకోవడం చూశామన్నారు. ఆ తర్వాత చూసినవాళ్లు లేరు.

ఆన్ సీసపు శవపేటిక 1964లో లండన్‌లోని స్టెప్నీలో పనివాళ్లకు దొరికింది. మరుసటేడు వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో మళ్లీ పూడ్చారు. టవర్ మెట్ల కింద 1674లో బయటపడ్డ ఇద్దరు పిల్లల ఎముకలూ అదే అబ్బేలో ఉన్నాయి. అవి ఎవరివో ఈనాటికీ రుజువు కాలేదు.

నీ కొడుక్కి రెండు డ్యూకు పట్టాలు, రెండు ఎర్ల్ పట్టాలు కట్టబెట్టావు. వాడు పదో పుట్టినరోజు చూశాడని చెప్పే తిరుగులేని సాక్ష్యం లేదు. ఎడ్వర్డ్, స్తుతి ఇక్కడితో సరి. నువ్వు చేసింది పెళ్లి కాదు, తండ్రి లేని పిల్ల ఆస్తిని చట్టం అడ్డుపెట్టుకుని దోచుకోవడం. ఆరు నెలలైనా నిలవని ఆ చట్టం కోసం, నీ బిడ్డకు అండగా నిలవాల్సిన మనుషుల్ని వాడి శత్రువుల పక్షాన నిలబెట్టింది నువ్వే.