అల్లం ఫ్లేవర్ కొన్నారా? పీల్చకుండా తేల్చండి

వేప్ లిక్విడ్ ఇంట్లో కలుపుకునేవాళ్లకు కొత్త ఫ్లేవర్ సీసా చేతికొస్తే మనసు ఆగదు. పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) కలిపిన ద్రవంలో నాలుగు చుక్కలు వేసి, గిలకొట్టి, కాయిల్‌కు పట్టించి లాగి చూస్తారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. అల్లం కాన్సంట్రేట్‌ను పరీక్షించేటప్పుడు పరికరాన్ని అసలు బయటికి తీయకండి. పీల్చడానికి కొన్నదాన్ని పీల్చకుండా ఎలా తేలుస్తామని అడుగుతారు. ముక్కు, నాలుక, కాస్త ఓపిక ఉంటే తేలుతుంది. అల్లం విషయంలో మరీ బాగా తేలుతుంది.

ఇది ఈ అలవాటు చట్టబద్ధంగా ఉన్న బ్రిటన్ వంటి చోట్ల ఉన్నవాళ్లకు చెబుతున్నాను. భారత్‌లో 2019 చట్టం ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రచారం అన్నింటినీ నిషేధించింది. అక్కడ ఉన్నవాళ్లు సీసా కొనే ఆలోచనే మానుకోండి.

ముందు మూత తీయకండి, లేబుల్ చదవండి. ఫ్లేవర్‌ను దేనిలో కరిగించారో చూడండి. అల్లం నూనె అనో, ఓలియోరెజిన్ అనో, వంటనూనె ఆధారం అనో ఉంటే పరీక్ష అక్కడే ముగిసింది. నూనె ఊపిరితిత్తుల్లోకి చేరితే లిపాయిడ్ న్యుమోనియా రావచ్చు. లేబుల్ ఏమీ చెప్పకపోతే గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేయండి. పైన నూనె పొర తేలితే సీసా పక్కన పెట్టేయండి. పొర తేలనంత మాత్రాన పాసైనట్టు కాదు, ఫెయిల్ కాలేదంతే. ‘ఫుడ్ గ్రేడ్’ అన్న ముద్ర చూసి కూడా నిశ్చింతగా ఉండకండి. ఆ ముద్ర తినడానికి ఇచ్చిన హామీ, పీల్చడానికి కాదు. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పాప్‌కార్న్ కార్ఖానా కార్మికుల ఊపిరితిత్తులు పాడైనప్పుడు అనుమానం వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ మీదికి వెళ్లింది. అది తినే పదార్థాల్లో ఎన్నాళ్ల నుంచో వాడుతున్నదే. జింజర్‌బ్రెడ్ రకం ఫ్లేవర్లలో వెన్న వాసన కలిపే అవకాశం ఉంది కాబట్టి దీని గురించి అమ్మకందారును తప్పకుండా అడగండి.

ఇప్పుడు అసలు విషయం, ఘాటు. ఈ ఫ్లేవర్ వాడినవాళ్లు ఎక్కువగా చేసే ఫిర్యాదు ‘అల్లం వాసన ఉంది, మంట లేదు’ అని. వెంటనే చుక్కలు పెంచుతారు. నేనైతే మంట లేని సీసాకే ఎక్కువ మార్కులు వేస్తాను. పచ్చి అల్లంలో నాలుకను కాల్చేది జింజెరాల్. అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు అందులో కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా ఘాటు. ఈ రెండూ తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలు కావు. అల్లాన్ని ఆవిరి పట్టి తీసిన నూనెలో సువాసనంతా ఉండి ఘాటు లేకపోవడానికి కారణం అదే. పైగా జింజెరాల్‌ను బాగా వేడి చేస్తే జింజెరోన్, హెక్సనాల్ అనే వేరే పదార్థాలుగా విడిపోతుంది. అంటే కాయిల్ మీద పచ్చి అల్లపు మంట కోసం వెతకడం వృథా ప్రయాస. గొంతు గీరుకుంటే అది నాణ్యతకు గుర్తు అని ఎవరు చెప్పినా నమ్మకండి. అల్లం పచ్చడిలో మంట నాలుక మీద ఉండాల్సిందే, శ్వాసనాళంలో దానికి చోటు లేదు.

వాసన చూడటానికి తెల్ల కాగితాన్ని సన్నగా కత్తిరించి చివర ఒక చుక్క వేయండి. పక్కన అప్పుడే కోసిన అల్లం ముక్క, చిటికెడు శొంఠి పొడి పెట్టుకోండి. వెంటనే ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి వాసన చూడండి. మొదట తగిలే నిమ్మ వాసన సిట్రాల్‌ది. అది పోయాక జింజిబెరీన్ వంటి బరువైన పదార్థాల చెక్క వాసన, మట్టి వాసన మిగలాలి. మర్నాటికి కాగితం మీద ఏమీ మిగలకపోతే ఆ సీసాలో ఉన్నది పైపై నిమ్మదనమే. నేల తుడిచే లిక్విడ్ గుర్తొస్తే రెండో ఆలోచన అక్కర్లేదు. తినదగినదని లేబుల్ మీద ఉంటేనే, కప్పు గోరువెచ్చని పంచదార నీళ్లలో ఒక చుక్క వేసి రుచి చూడండి. చల్లని నీళ్లలో లోపాలు దాక్కుంటాయి. ఆవకాయతో భోజనం చేసి ఈ పని పెట్టుకోకండి. నికోటిన్ సీసా ఆ గదిలోనే ఉండకూడదు, అది చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది.

కలిపిన లిక్విడ్‌ను కొన్ని వారాలు మగ్గనిస్తే రుచి వస్తుందని అందరూ అంటారు. నేను మగ్గడాన్ని అనుమానంగా చూడమంటాను. 2018లో యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు సిట్రాల్, వనిలిన్ వంటి ఆల్డిహైడ్లు పీజీతో కలిసి అసిటాల్స్ అనే కొత్త పదార్థాలుగా మారతాయని చూపించారు. మూత బిగించిన సీసాలో, మామూలు గది వేడిలోనే ఈ మార్పు జరుగుతుంది. ఆ అసిటాల్స్ గొంతులో, ఊపిరి దారుల్లో చికాకును పసిగట్టే గ్రాహకాలను రేపుతాయి. కాబట్టి మొదటి రోజు ఉన్న నిమ్మదనం మూడు వారాలకు మాయమైతే ‘చక్కగా మగ్గింది’ అని మురిసిపోకండి. తేదీ వేసి ‘మారింది’ అని రాసుకోండి.

ఇన్ని పరీక్షలకు నిలిచిన, తినదగినదని లేబుల్ ఉన్న సీసా దొరికితే దాన్ని సోడాలోకో బిస్కెట్ పిండిలోకో వాడమని నా గట్టి కోరిక. ఆ ఫ్లేవర్ తయారైందే అందుకు. అయినా పీల్చి తీరతామనేవాళ్లు ముందు అమ్మకందారుకు మూడు ప్రశ్నలు రాసి పంపండి: దేనిలో కరిగించారు, డయాసిటైల్ పరీక్ష ఫలితం ఏమిటి, సిట్రాల్ ఎంత శాతం. జవాబు వచ్చేదాకా దాన్ని కాయిల్‌కు పట్టించకండి. జవాబు రాకపోతే సీసా వెనక్కి పంపి డబ్బు అడగండి.