గౌను, గ్యాసుదీపం, గబ్బిలం

విక్టోరియా మహారాణి ఏలుబడిలోని లండను నగరాన్ని రంగస్థలంగా, రక్తం తాగే ప్రభువులను నాయకులుగా, అర్ధరాత్రి కిటికీ గడియ వేయడం మరిచిపోయే కన్యలను నాయికలుగా కల్పించి, ప్రేమకూ భయానికీ పెళ్లి కుదిర్చి, తలంబ్రాల వేళకు భయాన్ని సగౌరవంగా పీటల మీది నుంచి లేపి పంపేసిన నవలాకర్తలారా, శృంగార సామ్రాజ్య పట్టాభిషిక్తులారా, తమకు ఒక పాఠకుడి సాష్టాంగ నమస్కారాలు.

పాలనూ నీళ్లనూ వేరుచేస్తుందని హంసను మన కవులు తరతరాలుగా పొగిడారు. తమరి నేర్పు చూడక పొగిడారు. 1837 నుంచి 1901 దాకా సాగిన ఒక మహాయుగంలో తమరు ముక్కు ముంచి, పట్టు గౌన్లు, గుర్రపు బగ్గీలు, గ్యాసుదీపాలు, పొగమంచు మాత్రం పైకి తీసి, తక్కిందంతా తాకకుండా విడిచిపెట్టారు. అందరి లండనులో పొగమంచు లక్షల పొయ్యిల బొగ్గుమసితో కలిసి ఊపిరితిత్తుల్లో దిగేది. తమరి లండనులో అది ఎవరికీ దగ్గు తెప్పించదు, నాయకుడి కోటు అంచుల చుట్టూ వినయంగా తిరుగుతుంది. 1858 వేసవిలో థేమ్సు నది మురుగు కంపు భరించలేక పార్లమెంటు భవనంలో పరదాలను బ్లీచింగు సున్నంలో తడిపి వేలాడదీశారు. ఆ నది ఒడ్డునే మొదటి ముద్దు పెట్టించి, నాయిక నాసికకు గంధపు పరిమళం తప్ప మరొకటి సోకకుండా కాపాడిన తమరి కారుణ్యం సామాన్యమా!

ఇక దాతృత్వంలో తమకు సాటి ఎవరు? రాజకుటుంబీకులను పక్కనపెడితే ఆనాటి బ్రిటనులో డ్యూకులు మూడు పదులకు అటూ ఇటూ. వారిలో ముసలివారూ పెళ్లయినవారూ పోగా వరుడిగా పనికొచ్చేవారు వేళ్ల మీద మిగిలేవారు. కన్యలకు కలిగిన ఈ కరువును చూడలేక తమరు వందల కొద్దీ డ్యూకులను, అందరినీ ఆరడుగుల పైవాళ్లను, అందరినీ ముప్పయి రెండో ఏట వయసు ఆగిపోయినవాళ్లను, ముప్పయి రెండు పళ్లూ చెక్కుచెదరక అందులో రెండు మాత్రం కాస్త పొడవైనవాళ్లను సృష్టించి ఇచ్చారు. త్రిశంకుడి కోసం ఒక్క స్వర్గం కట్టడానికే తపశ్శక్తినంతా ధారపోసిన విశ్వామిత్రుడు పాపం అల్పసంతోషి.

బ్రామ్ స్టోకర్ 1897లో అచ్చువేయించిన డ్రాకులా తమరి కొలువులో ద్వారపాలకుడిగా కూడా చాలడు. నోటి వాసన దుర్భరం, అరచేతుల్లో వెంట్రుకలు. అంతకన్నా నామోషీ, కోటలో ఒక్క నౌకరు లేడు. ఆ మహాప్రభువు తానే పక్క సర్దుతూ, తానే భోజనాల బల్ల పరుస్తూ అతిథి జొనాథన్ హార్కర్ కంటపడ్డాడు. మంచం ఎవరు సర్దారో రక్కసుడు కూడా లెక్క చెప్పుకోవలసిన దుర్దినాలవి. తమరు ఆ అవమానాన్ని తుడిచేశారు. తమరి నాయకుడి మేడలో నూరు గదులు. ప్రతి గదిలో నిప్పు వేకువకే రాజుకుంటుంది, ప్రతి తొట్టి వేడినీళ్లతో దానంతటదే నిండుతుంది, నెత్తురంటిన దుప్పటి తెల్లవారేసరికి మల్లెపూవులా మారి మడత పడుతుంది. 1891 నాటికి ఇంగ్లండులో ఇళ్లలో ఊడిగం చేసే ఆడవాళ్లు పది లక్షలకు పైమాటే. వాళ్లు బకెట్లు మోసిన వెనక మెట్లను పాఠకుడి కంటబడనీయని మర్యాద తమరిది. కథలో పనిపిల్లకు ఎప్పుడైనా నోరిస్తే, అయ్యగారు వచ్చారని చెప్పడానికే ఇస్తారు. అంతకుమించి మాట్లాడించి ఆమెను శ్రమపెట్టరు.

స్త్రీజాతి పట్ల తమరి భక్తిని కొనియాడడానికి ఆదిశేషుడి నాలుకలు కావాలి. నాయిక తప్పకుండా అనాథ, తప్పకుండా తండ్రి గ్రంథాలయమంతా చదివింది, తప్పకుండా కోర్సెట్టును ద్వేషించేది, తప్పకుండా పెళ్లే వద్దనేది, ముప్పయ్యో పేజీ దాకా. అప్పుడు మూడు వందల ఏళ్ల పెద్దమనిషి ఒకరు కిటికీలోంచి దిగి, ఆమె నిద్రపోతుంటే రాత్రంతా మంచం పక్కన నిలబడి చూస్తారు. మునులు హిమాలయాలకు వెళ్లి చేసే తపస్సును పడకగదిలోనే చేయగల నిష్ఠ అది. ఆమె వద్దంటుంది. కానీ ఆయన చెవి ఎంత సున్నితమంటే ఆమె నాడి కొట్టుకునే చప్పుడు వినగలదు, నాడి వేగంగా కొట్టుకుంటోంది గనుక నోటి మాటతో ఇక నిమిత్తం లేదు. షెరిడన్ లెఫాను 1872 నాటి 'కార్మిల్లా'లో లారా గుండెలో మోహాన్నీ జుగుప్సనూ పక్కపక్కనే కూర్చోబెట్టి, ఏది ఏదో తేల్చుకోలేక పాఠకుణ్ణి అల్లాడించాడు. తమరు జుగుప్సకు సెలవిచ్చి మా నిద్రను కాపాడారు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో పెళ్లాడిన స్త్రీ చట్టం దృష్టిలో భర్తలో కలిసిపోయేది. 1870 చట్టం వచ్చేదాకా ఆమె సంపాదన ఆమెది కాదు, 1882 చట్టం వచ్చేదాకా ఆస్తి మీదా పూర్తి హక్కు లేదు. బతికుండగానే పేరూ సొమ్మూ మాయమైపోయే ఆడమనిషి కన్నా గొప్ప దయ్యం కథ దొరుకుతుందా అని ఏ మొరటు కలమైనా ఆశపడి ఉండేది. తమరు ఆ ప్రలోభానికి లొంగక, సరిగ్గా చర్చి గుమ్మం దగ్గర కథ ఆపి, అక్కడి నుంచి సర్వం శుభమని సెలవిచ్చారు.

దయ్యాల ఎంపికలోనూ తమరిది కులీనమైన అభిరుచి. 1854లో సోహోలోని బ్రాడ్ స్ట్రీటు చేతిపంపు నీళ్లు తాగి కలరాతో ఆరువందల పైచిలుకు జనం పోయారు. అంతమందిలో ఒక్కరి ఆత్మ కూడా తమరి బాల్‌రూమ్‌లోకి చొరబడి నాట్యం చెడగొట్టలేదు. అక్కడ తిరిగేవన్నీ వంశవృక్షం ఉన్న దయ్యాలే.

తోడేలుగా మారే ప్రభువులకు స్కాట్లండు కొండలను రాసిచ్చిన తమరి ఔచిత్యానికి నేను మురిసిపోతాను. గొర్రెల మేత కోసం భూస్వాములు రైతు కుటుంబాలను ఇళ్లలోంచి వెళ్లగొట్టిన నేల అది. నిర్మానుష్యమైన ఆ లోయల్లో వెన్నెల ఎంత శుభ్రంగా పరుచుకుంటుందో వర్ణించడానికి తమరు ఆరేడు పేజీలు ధారపోస్తారు, నిర్మానుష్యం ఎందుకయిందన్న వివరంతో ఒక్క వాక్యమైనా పాడు చేయరు.

ఆ ప్రభువు నాయిక మెడలో వేసే కెంపుల హారం తూర్పు దేశం నుంచి వచ్చిందని మాత్రం చెప్తారు. ఎంత పొదుపు! 1877 జనవరి 1న విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరుగుతుంటే, మద్రాసు రాజధానిలో కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల జనం రోజు కూలీగా ఒక పౌను ధాన్యానికీ కాసిన్ని డబ్బులకూ రాళ్లు కొట్టి, చెరువులు తవ్వి, ఆ పని చోట్లే రాలిపోయారు. మా సీమ వాళ్ల ఆకలి ఆ కెంపుల మెరుపుకు అడ్డు రాకుండా తమరు తెర దించి ఉంచినందుకు నా తరఫునా, వాళ్ల తరఫునా కృతజ్ఞతలు. రక్తం పీల్చేవాళ్ల గురించే ఇన్ని పుస్తకాలు రాస్తూ, ఇంగ్లండు ఏ దేశాల రక్తం మీద అంత నిగనిగలాడిందో అన్న మాట ఒక్కచోటైనా నోరుజారకపోవడం ఎంతటి వాక్సంయమం!

నాయకుడికి అయిదుగురు తమ్ముళ్లున్నారని మొదటి సంపుటంలోనే సూచించారు. నలుగురికి పెళ్లిళ్లయ్యాయి. అయిదోవాడు ఇప్పటికే ఒక పురావస్తు పండితుడి కూతురి కిటికీ కింద నిలబడ్డాడని ప్రకటన వెలువడింది. ఆయనకూ నూరు గదుల మేడ, చావులేని యౌవనం, అడగని కట్నం ప్రాప్తించుగాక. ఆ పిల్ల నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలో తమరే నిర్ణయింతురుగాక. తమరి పుస్తకాల అట్టల మీద చొక్కా గుండీలు ఆచంద్రతారార్కం ఊడిపోయే ఉండుగాక.