ప్రేమకు రబ్బరు ముద్ర

అమెరికాలో ఉన్న మనవాళ్ల దగ్గర్నుంచి వచ్చే కవర్లు ఈమధ్య లావెక్కాయి. పిల్లవాడి పుట్టినరోజుకి డబ్బులు పంపినందుకు ఒకటి, గృహప్రవేశానికి వెండి కుంకుమభరిణె ఇచ్చినందుకు ఒకటి, డిసెంబరు సెలవులకి ఇంకొకటి. విప్పితే ఒక అట్ట. ఆ అట్ట మీద వేరే రంగు అట్ట. దాని మీద ఫోమ్ ముక్కలు పెట్టి పైకి లేపిన మూడో అట్ట. దాని మీద పువ్వు, పువ్వు నడుమ ముత్యం, పక్కన రిబ్బను ముడి. ఇన్ని ప్రాకారాలు దాటి లోపలికి పోతే అక్కడ నల్లసిరాలో అచ్చుపడ్డ ఒకే ఒక్క మాట: థాంక్యూ. దాని కింద పంపినవాళ్ల పేర్లు. మిగతా అంతా తెల్లకాగితం.

నాలుగు రోజులాగి ఫోను వస్తుంది. "కార్డు చూశావా బాబాయ్? షాపులో కొన్నది కాదు. నేనే చేశాను, చేత్తో."

ఆ చివరి మాట దగ్గర గొంతు కాస్త బరువెక్కుతుంది. అవతల ఉన్నది డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాపురం ఉంటున్న మా అన్నయ్య కూతురు. ఆ పిల్లని నొప్పించే ధైర్యం నాకు లేదు. "ఎంత ఓపికమ్మా నీకు!" అంటాను. ఫోనులో అడగలేనిది ఇక్కడ అడుగుతున్నాను. ఇందులో ఆ చెయ్యి చేసిందేమిటి?

అట్టతో మొదలుపెడదాం. అది కంపెనీ అట్ట. 8.5 × 11 అంగుళాల అట్టని సగానికి కోసి మడిస్తే 4.25 × 5.5 అంగుళాల కార్డు అవుతుంది. ఈ వ్యసనం ఉన్న ప్రతి ఇంట్లోనూ దాదాపు ఇదే కొలత, ఎందుకంటే కవర్లు ఆ కొలతకే దొరుకుతాయి. పువ్వు బొమ్మ ఎవరో చిత్రకారిణి జీతానికి గీసింది. దాన్ని రబ్బరు మీదకో, అద్దంలా కనిపించే ఫోటోపాలిమర్ మీదకో దించి అమ్మింది కంపెనీ. పువ్వుని అంచు వెంబడి కత్తిరించింది ఉక్కు డై. ఆ డైని నొక్కింది రెండు రోలర్ల యంత్రం: ఇటునుంచి పలకల మధ్య కాగితం పెట్టి పిడి తిప్పితే అటునుంచి పువ్వు బయటికొస్తుంది, అచ్చం మన చెరుకురసం బండిలాగే, రసం ఒక్కటే తక్కువ. రంగులకి జపాను నుంచి వచ్చే కాపిక్ మార్కర్లున్నాయి, 358 రంగుల్లో. ఉబ్బెత్తుగా మెరిసే అక్షరాలకి బంకసిరా, దాని మీద చల్లే పొడి, ఆ పొడిని కరిగించే వేడిగాలి తుపాకీ.

ఇక అసలు సంగతి. ముద్ర వంకరపోకుండా, ఒకసారి సరిగా పడకపోతే రెండోసారి వేసినా వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే పడేలా పట్టి ఉంచే మూతపెట్టె ఒకటి కనిపెట్టారు. పేరు మిస్టీ. ఇప్పటిదాకా కనిపెట్టిన ముద్ర పరికరాల్లోకెల్లా అత్యద్భుతమైనది అనే ఇంగ్లీషు మాటలకి పొడి అక్షరాలట. అంటే ఏమిటన్నమాట? ముద్ర కొంచెం పక్కకి ఒరగడం, ఒకవైపు ముద్దగా మరోవైపు పలచగా పడటం, అంచున బొటనవేలి మరక, ఇవన్నీ ఎవరో మనిషి ఈ పని చేశాడనడానికి సాక్ష్యాలు. ఆ సాక్ష్యాలన్నీ తుడిచెయ్యడానికి డాలర్లు పోసి సామాను కొంటారు. తుడిచేశాక, ఇది చేత్తో చేసిందని మనం నమ్మడం కోసం ఫోను చేస్తారు.

అచ్చు వేయడమే తప్పని నేననడం లేదు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్ట మీద పడే ప్రతి పువ్వూ అచ్చే. కానీ ఆ టేకు దిమ్మని చెక్కినదీ చెయ్యే, అద్దినదీ చెయ్యే, ఒక దిమ్మకీ ఇంకో దిమ్మకీ మధ్య ఎక్కడో అతుకు కాస్త జరిగిపోయి ఉంటుంది. ఆ జరిగినచోటు చూసి కొనేవాళ్లున్నారు. అద్దకం పనివాడెవడూ గుమ్మంలోకొచ్చి "చేత్తోనండీ, చేత్తో" అని కళ్లనీళ్లు పెట్టుకోడు.

డబ్బు సంగతికొద్దాం. ఈ మతంలో అన్నిటికన్నా గట్టి నమ్మకం ఇంట్లో చేసుకుంటే చవకన్నది. "షాపులో మంచి కార్డు ఐదారు డాలర్లు బాబాయ్, నాకు అర డాలరు కూడా పడలేదు." లెక్క చెప్పమంటే చెబుతుంది: అట్టకి ఇంత, రిబ్బనుకి ఇంత, ముత్యానికి ఇంత. అచ్చుల సెట్లు లెక్కలోకి రావు, ఎప్పుడో కొన్నవి కాబట్టి. యంత్రం రాదు, మొగుడు పుట్టినరోజుకి కొనిచ్చాడు కాబట్టి. గది అసలే రాదు. టెక్సాస్‌లో ఇల్లు కొన్నప్పుడు అమ్మానాన్నల కోసమని చూపించిన పడకగది ఇప్పుడు క్రాఫ్ట్ రూము. మా అన్నయ్యా వదినా విజిటరు వీసా మీద ఆరునెలలకి వెళ్లినప్పుడు పడుకునేది అందులోనే, తలవైపు ఇంకుప్యాడ్ల అర, కాళ్లవైపు రిబ్బన్ల స్టాండు. రాత్రి మంచినీళ్లకి లేచిన అన్నయ్య అరికాలికి ముత్యం అంటుకుంటే పొద్దున్నే కోడిగుడ్డంత భద్రంగా తెచ్చి కూతురికి అప్పజెప్పాడట.

ఈ చవక వెనక ఉన్న వ్యాపారం మాత్రం చవకది కాదు. యూటా రాష్ట్రంలో స్టాంపిన్ అప్ అనే కంపెనీ ఉంది, 1988లో అక్కాచెల్లెళ్లిద్దరు మొదలుపెట్టారు. అచ్చులూ సిరాలూ అట్టలూ డెమాన్‌స్ట్రేటర్లనే ఆడవాళ్ల ద్వారా, ఇళ్లలో పెట్టే పార్టీల్లో అమ్ముడవుతాయి. నలుగురు స్నేహితురాళ్లని పిలిచి టీ ఇచ్చి ఒక కార్డు చేసి చూపిస్తారు. వెళ్లేటప్పుడు ఆర్డరు రాయకుండా వెళ్లడం మర్యాద కాదు. పైగా కేటలాగులో అచ్చులు రిటైరవుతాయి. మన ఆఫీసుల్లో గుమాస్తా కూడా అరవై దాటేదాకా కుర్చీ వదలడు గానీ, అక్కడ సీతాకోకచిలుక బొమ్మకి ఏడాదికో రెండేళ్లకో పదవీ విరమణ. రిటైరయ్యే జాబితా రాగానే, మళ్లీ దొరకదేమోనని, వాడనివాటినీ కొంటారు. నెలనెలా పెట్టెలో కిట్టు పంపించే ఏర్పాటు కూడా ఉంది. ముక్కలు ముందే కోసి ఉంటాయి, ఏది ఎక్కడ అంటించాలో కాగితం మీద బొమ్మ వేసి ఉంటుంది. మనం చేసేది అంటించడం.

ఈ అచ్చుల రబ్బరుకి వేడిలో జిగురెక్కని, చలిలో పగలని గట్టిదనం తెచ్చే పద్ధతి చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. 1860లో చచ్చిపోయేనాటికి ఆయన పీకలదాకా అప్పుల్లో ఉన్నాడు. రబ్బరు మీద మనిషి ఎంత అప్పు చెయ్యగలడో అంత ముందుగానే చూపించి పోయిన మహానుభావుడు.

"కొన్న కార్డులో ఆత్మ ఉండదు, పూర్వం మనుషులు ఇలాగే ప్రేమగా చేసుకునేవాళ్లు" అని ఇంకో వాదన. ఏ పూర్వం? 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి క్రిస్మస్‌కి జవాబు రాయాల్సిన ఉత్తరాలు కుప్పపడ్డాయి. 1840లో వచ్చిన పెన్నీ తపాలా కోసం పాటుపడినవాళ్లలో ఆయనా ఒకడు కాబట్టి ఆ కుప్పలో ఆయన పాపమూ ఉంది. రాసే తీరిక లేక, జాన్ కాల్కాట్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి, వెయ్యి కార్డులు అచ్చేయించి, రంగులు చేత్తో అద్దించాడు. ఎవరికన్నది నింపుకోవడానికి చుక్కల గీత వదిలాడు. మిగిలినవి షిల్లింగు చొప్పున అమ్మకానికి పెట్టారు. బొమ్మలో పసిపిల్ల చేత కూడా ద్రాక్షసారా తాగిస్తున్నారని మద్యవ్యతిరేకులు గొడవ చేశారు, అది వేరే కథ. మొట్టమొదటి క్రిస్మస్ కార్డు పుట్టిందే ఉత్తరం ఎగ్గొట్టడానికి. చేత్తో అద్దిన రంగు కూడా అప్పుడే ఉంది. కాబట్టి మా అమ్మాయి సంప్రదాయాన్ని తప్పిందని ఎవరూ అనలేరు. నూటికి నూరుపాళ్లు పాటిస్తోంది. కోల్‌గారు అందరినీ ఒక్క దెబ్బకి వదిలించుకున్నాడు. ఈ పిల్ల ఒక్కొక్కరిని వదిలించుకోవడానికి ఒక్కో సాయంత్రం ఖర్చుపెడుతోంది.

ఇక సొంత ఊహల సంగతి. ఈ లోకంలో కేస్ అని ఒక మాట చెలామణీలో ఉంది, అంతా కాపీ కొట్టి పంచుకొమ్మని చెప్పే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు. ఎవరి కార్డు చూసి చేశామో చెబితే చాలు, అది దొంగతనం కాదు, సంస్కారం. బాగానే ఉంది. మరి కంపెనీ బొమ్మతో చేసిన కార్డుని పదిమందికి అమ్ముకుందామంటే? దానికి ఏంజెల్ పాలసీ చూసుకోవాలి, అంటే మన చేత్తో ముద్ర వేసిన కార్డుల్ని ఎంతవరకు అమ్ముకోవచ్చో కంపెనీ దయతలచి ఇచ్చే అనుమతి. చెయ్యి మనది, పువ్వు వాళ్లది, దేవదూత వాళ్ల లాయరు.

కార్డు వెనక్కి తిప్పండి. అడుగున చిన్న ముద్ర ఉంటుంది: 'హ్యాండ్‌మేడ్ బై' అని, పక్కన పేరు. చేత్తో చేశానన్న ప్రమాణపత్రం కూడా రబ్బరుదే. ఆ రెండు మాటలు రాయడానికి పెన్ను తియ్యబుద్ధి కాని చెయ్యి, మన కోసం సాయంత్రమంతా పువ్వు కోసిందని మనం నమ్మాలి.

ఇన్ని మాటలన్నాక ఒక నిజం చెప్పకపోతే అన్యాయం. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా చేత్తో పనిచేసేవాడు ఒకడున్నాడు, అమెరికా పోస్టాఫీసులో. కవరు చదరంగా ఉన్నా, ముడులూ ముత్యాలతో ఎగుడుదిగుడుగా ఉన్నా వాళ్ల యంత్రం తీసుకోదు. నాన్‌మెషినబుల్ అని అదనపు రుసుము కట్టాలి. మందం పావు అంగుళం దాటితే అది ఉత్తరమే కాదు. తెలివైనవాళ్లు కౌంటరు దగ్గర నిలబడి, యంత్రంలో వెయ్యకుండా చేత్తో ముద్ర కొట్టమని అడుగుతారు. ఆ గుమాస్తా రబ్బరు ముద్ర తీసి స్టాంపు మీద ఠప్పున కొడతాడు. అది వంకరగా పడుతుంది, సగం అలుక్కుపోతుంది, తేదీ కనీకనపడకుండా ఉంటుంది. నాకు వచ్చిన కవర్లలో నేను దాచుకోదగ్గ ముద్ర అదొక్కటే.

ఇదంతా మా అమ్మాయికి ఒకసారి మెల్లగా చెప్పబోయాను. ఊరుకుంటుందా? "మీరు తక్కువా బాబాయ్? జనవరి ఒకటికి సినిమా హీరోల కార్డులు కొని, బుక్ పోస్ట్ అని రాసి, కవరు అంటించకుండా మడిచి పంపలేదూ? మీ ఉత్తరాల్లో మాత్రం? ఉభయకుశలోపరి, ఇక్కడ అంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. అదీ అచ్చే కదా!"

దెబ్బ గట్టిదే. స్టేషనరీ కొట్టు ముందు తాడుకి వేలాడిన ఆ కార్డుల తళుకు వారందాకా వేళ్లకి అంటుకునే ఉండేది, అందులో కళ ఉందని నేను వాదించను. కానీ వాటిని ఎవరమూ చేత్తో చేశామని చెప్పుకోలేదు, రూపాయో రెండో పెట్టి కొన్నామని చూసేవాడికీ తెలుసు. ఇక క్షేమమని తలచాక ఉత్తరం ఆగేదా? ఆ తర్వాతే మొదలయ్యేది. గేదె ఈనింది, దూడ పెయ్య. పెదనాన్న మోకాలు మళ్లీ వాచింది. నువ్వు పంపిన డబ్బులో రెండొందలు బాకీ కిందికి పోయాయి, కోప్పడకు. పెళ్లి శుభలేఖ అంతకన్నా అచ్చు సరుకు, ప్రెస్సులో వేలల్లో కొట్టిందే. అయినా ఇంట్లో అత్తయ్య ఎవరో పీట మీద కూర్చుని నాలుగు మూలలా పసుపు బొట్టు పెడుతుంది. రెండు మూలలకి ఎక్కువ, మూడో మూలకి తక్కువ, నాలుగోది మరిచిపోతుంది. దానికి మిస్టీ ఎవరూ కనిపెట్టలేదు.

చేత్తో చేసిన కార్డు నిజంగా పనికొచ్చిన చోటు ఒకటి నాకు తెలుసు. పరాయి దేశాల్లో యుద్ధంలో ఉన్న అమెరికా సైనికులకి ఇలాంటి కార్డుల్ని ఆపరేషన్ రైట్ హోమ్ అనే స్వచ్ఛంద సంస్థ లక్షల్లో చేరవేసింది. మెరుపు పొడి చల్లినవి వద్దనేది. లోపల ఖాళీగా ఉంచమనేది, ఆ ఖాళీలో సైనికుడు తన ఇంటికి రాసుకోవడానికి. అక్కడ అట్ట ఎవరిదైనా, పువ్వు ఏ కంపెనీదైనా ఎవరికీ పట్టలేదు. భార్యకి చేరింది ఆయన రాసిన నాలుగు వంకర వరసలు. మా అమ్మాయి పంపే కార్డులోనూ సరిగ్గా అంతే ఖాళీ ఉంటోంది. తేడా ఏమిటంటే దాన్ని అలాగే పోస్టు చేస్తోంది.

అంత ఖరీదైన అట్టని చెత్తబుట్టలో వెయ్యడానికి చేతులు రావు. ఇంట్లోవాళ్లు ఫ్రిజ్ మీద పెట్టారు. తలుపు తీసినప్పుడల్లా రిబ్బను జారి కూరగాయల్లో పడుతోంది. పైగా అందుకున్నవాడు ఊరుకోకూడదట, జవాబివ్వాలి. ఆలోచించి తహసీల్దారు ఆఫీసు పక్కన రబ్బరు స్టాంపులు చేసే కొట్టుకి వెళ్లాను. అరగంట కూర్చోబెట్టి చేసిచ్చాడు: పైన 'అందినది', మధ్యలో తిప్పుకునే తేదీ, కింద 'సంతకం' అని ఒక గీత. ఊదారంగు ప్యాడు ఊరికే ఇచ్చాడు. పోస్టుకార్డు మీద కొట్టి పంపుతున్నాను, కాస్త వంకరగానే పడింది. వెనక 'హ్యాండ్‌మేడ్ బై' అని కూడా కొట్టేవాణ్నే గానీ, దానికి వేరే ముద్ర చేయించుకోవాలట, ఇంకో నూట యాభై అడిగాడు.