బ్రేకు తొక్కనిదే పలకరించని మామ

వనపర్తిలో ఉండే మా మేనమామకు మనుషుల పేర్లు గుర్తుండవు. "ఆ నాగర్‌కర్నూల్ ఆయన ఎవరు మామా?" అంటే, "గదే అల్లుడా, పెడల్ రాయిలెక్క ఉండె చూడు, పాత జెన్... ఆయన" అంటాడు. పాత కారు ఏదైనా వాకిట్లో ఆగిందంటే దిగినవాళ్లకు మంచినీళ్లు అత్తే ఇయ్యాలె. ఈయన అప్పటికే డ్రైవర్ సీట్లో ఉంటాడు.

ఇంజన్ బంద్ చేసి బ్రేక్ పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కుతాడు. గట్టిపడ్డాక కాలు తీయకుండా తాళం తిప్పుతాడు. పెడల్ కాస్త కిందికి దిగితే "తొక్కుడుకు బలమిచ్చే బూస్టర్ బతికే ఉంది" అని పెదవి విరుస్తాడు. దిగకపోతే మొహం వెలిగిపోతుంది. ఇంజన్ నుంచి వచ్చే వ్యాక్యూమ్ పైపు పగిలిందా, దాని వాల్వు పోయిందా, లోపలి రబ్బరు పొర చిరిగి 'స్స్'మంటోందా అని వంగి చెవి పెడతాడు. కాలు అదిమి పట్టినకొద్దీ పెడల్ మెల్లగా లోపలికి పోయిందా, బయట చుక్క కారకున్నా "మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోయినయ్" అంటాడు. బ్రేక్ ఆయిల్ తగ్గుతోంది గానీ ఎక్కడా తడి లేదంటే, అది వెనకనుంచి బూస్టర్‌లోకి దిగుతోందేమో చూడమంటాడు.

గద్వాలలో పెండ్లిచూపులప్పుడు పిల్లగాడి జీతం కనుక్కోమని పంపితే, వాళ్ల కారు బ్రేకుల్లో ఎయిర్ తీయించి ఎన్నాళ్లయిందో కనుక్కొని వచ్చాడు. బీచుపల్లిలో మేం ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు చేస్తుంటే, ఆయన ఆగిన కార్ల చుట్టూ తిరిగాడు. ఆయనకూ ఒక మారుతి 800 ఉంది. కంపెనీ 2014లోనే దాని తయారీ ఆపేసింది గానీ, మామ పరిశీలన ఇంకా ఆపలేదు. బానెట్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి అత్త బస్సులోనే పుట్టింటికి పోతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు ఎదురు చెప్పలేం. శ్రీశైలం ఘాట్‌లో పెట్రోలు మిగులుతుందని ఇంజన్ బంద్ చేసి బండిని దొర్లించేవాళ్లను చూస్తే మండిపడతాడు. "బూస్టర్‌ల మిగిలిన బలం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతది, తర్వాత నిలబడి తొక్కినా సరిగ ఆగదు" అంటాడు. నూటికి నూరుపాళ్లు నిజం.

కాబట్టి పాత కారులో మన్ననూరు దాటి ఘాట్ దిగే ఆలోచన ఉన్నవాళ్లు ముందు ఇలాంటి మామనొకణ్ని పట్టుకోండి. ఫీజు ఒక్క చాయే. ముహూర్తం ఉన్న రోజు మాత్రం పోకండి.