గణకవైద్యుడు

పల్లెకును పట్టణమునకును నడుమ, తెలంగాణమునకును ఆంధ్రమునకును నడుమ, మామిడితోటలకును బొగ్గుగనులకును నడుమ నిలిచియున్న సత్తుపల్లివంటి ఊళ్లలో, ఏ విశ్వవిద్యాలయమును పట్టమీయనిదియు, ఏ ప్రభుత్వమును జీతమీయనిదియు నైనను, ఊరి పనులలో సగము ఏ పూట నడుచునో ఏ పూట నిలుచునో నిర్ణయించు ఉద్యోగమొకటి కలదు. ఆ ఉద్యోగమునకు బోర్డు లేదు, కుర్చీ లేదు, పనివేళలు లేవు. దానిని నిర్వహించు పుణ్యపురుషుని ఊరివారు "సిస్టం సారు" అందురు. మీసేవ కేంద్రమున నెట్టు వచ్చుచుండియు ప్రింటు రాకున్నను, ఎరువుల కొట్టులో బిల్లు సగములో బిగిసికొనిపోయినను, ప్రైవేటు బడి ఆఫీసులో హాల్‌టికెట్లు తీయవలసిన నాడే తెర నీలమై తెల్లని అక్షరములు క్రమ్మినను, మొదట తలపునకు వచ్చువాడు వినాయకుడు, పిదప ఈతడు. ఫోను మాత్రము ఈతనికే పోవును.

మనిషి నలుబదియైదేండ్లవాడు. చొక్కాజేబులో కలముండవలసిన చోట స్టారు స్క్రూడ్రైవరు. మెడలో తాడునకు వ్రేలాడు పెన్‌డ్రైవులు. చేతిసంచిలో బడిపిల్లలు వాడు రబ్బరు, రంగులు పూయు కుంచె, రూపాయిబిళ్లంతేసి సి.ఆర్. 2032 బ్యాటరీలు, ఏ కాలముదో ఎవరికిని తెలియని ర్యాము ముక్క ఒకటి. విద్యాభ్యాసము హైదరాబాదున అమీరుపేటలో జరిగినది. మైత్రీవనము చుట్టుప్రక్కల గోడలన్నియు కోర్సుల కాగితములతో నిండి, తోడి యువకులు జావాయు ఒరాకిలును అభ్యసించి ఆ దారినే అమెరికా చేరుకొనుచుండగా, చేతితో తాకి చూడదగిన విద్యయే విద్య యని నమ్మిన ఈతడు హార్డువేరు కోర్సులో చేరి, సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు మెట్లు ఎక్కి దిగి, మదర్‌బోర్డుల ధరలు కంఠస్థముచేసి, ఆర్టీసీ బస్సులో ఊరు చేరినాడు. అది విండోస్ ఎక్స్‌పీ రాజ్యమేలు కాలము. 2001 అక్టోబరులో పుట్టిన ఆ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8వ తేదీతో కంపెనీవారి పోషణ ముగిసినను, మా సారు హృదయమున ముగియలేదు. "ఎక్స్‌పీ ఉన్నప్పుడు ఈ తలనొప్పులు లెవ్వండీ" అని నేటికిని నిట్టూర్చును. నిజమునకు ఆ దినములలో పెన్‌డ్రైవుల వెంట వచ్చిన వైరసులచేత ఊరి కంప్యూటర్లు మాటిమాటికి మరణించి ఈతని చేతిమీదుగా పునర్జన్మ మెత్తుచుండెను. తలనొప్పి లేకపోవుట యనగా తనకు తీరిక లేకపోవుట యని ఆయన భావము కాబోలు.

ఈతని చికిత్సావిధానము సంభాషణతో నారంభమగును. గడపలో చెప్పులు విడుచుచునే, "ఏం చేశారు?" అని యడుగును. దీనికి సత్తుపల్లిలోనే కాదు, ఏ ఊరిలోనైనను సమాధాన మొక్కటియే.

"ఏం చెయ్యలేదు సారూ. దాని పాటికి అదే పోయింది."

ఈ మాటను ఆయన నమ్మడు, ఖండింపడు. తల పంకించి, కొంచె మాగి, "ఎవరన్నా ముట్టుకున్నారా?" అను రెండవ ప్రశ్న వేయును. అప్పుడు గృహమున చర్చ జరుగును. మొదటి నేరము పిల్లవానిమీద మోపబడును. వాడు పదవతరగతి ట్యూషనుకు పోయినాడని తేలినపిమ్మట, సంక్రాంతికి వచ్చిపోయిన అల్లునిమీదికి మెల్లగా మరలును. కాని అల్లునిమాట బిగ్గరగా అనరు. ఇంతలో ఇంటి యజమాని, "మధ్యలో ఏదో వచ్చిందండీ, ఓకేనా అని అడిగితే ఓకే అన్న" అని సంకోచించుచు ఒప్పుకొనును. తెరమీద వచ్చిన ప్రతి ప్రశ్నకును చదువకుండ ఓకే యనుట తెలుగువారి మర్యాద. ఇంటికి వచ్చి అడిగినవారిని లేదని పంపు నలవాటు మనకు లేదు గదా. ఆ మర్యాదవలన బ్రౌజరు నిండ మూడు కొత్త టూల్‌బారులును, పెద్దశబ్దముతో ఆటల ప్రకటనలును వచ్చి చేరును.

సంభాషణము ముగిసి సారు యంత్రము చెంత కూర్చుండును. చెవి క్యాబినెట్‌కు చేర్చి ఫ్యాను చప్పుడు వినును. తీగ లాగివేసి, పవరు బొత్తామును అదిమిపట్టి, లోపల కెపాసిటర్లలో నిలిచిన విద్యుత్తు హరించువరకు కన్నులు మూసికొని యుండును. అవసరమైనచో ప్రక్క పలక విప్పి, ర్యాము ముక్కను ఊడదీసి, దాని బంగారువన్నె అంచును రబ్బరుతో రుద్ది, మరల గూటిలో టక్కున నొక్కును. పలక విప్పినప్పు డెల్ల లోపలి దుమ్మును కుంచెతో తట్టి, "బొగ్గు" అను నొక్క మాట గంభీరముగా పలుకును. ఊరి అంచుననే జలగం వెంగళరావుగారి పేర నున్న ఓపెన్‌కాస్టు గని యుండుటచే ఆ నిదానమును కాదనువారు లేరు. నేను దగ్గరనుండి చూచిన పర్యాయమున వెలువడినవి మాత్రము దూదిపింజలు, బల్లిగ్రుడ్లు, పూజలో జారిపడిన అక్షింతలు. అయినను ఆయన "బొగ్గే" అనెను. ఇంటివారును "బొగ్గే" అనిరి. అక్షింతల మాట ఎత్తినచో తప్పు ఇంటివారిదగును. బొగ్గన్నచో ఎవరిదియు కాదు. రోగకారణమును చెప్పునప్పుడు రోగి బంధువుల మనసు నొవ్వకుండ చెప్పుట యెట్లో ఈతని యొద్ద నేర్చుకొనదగును.

ఇంతటి తంతునకును అసలు ప్రయోజనము వేరు. నూటికి తొంబది రోగములకు మందు రీస్టార్టు మాత్రమే. గంటల తరబడి పనిచేసిన ప్రోగ్రాములు జ్ఞాపకస్థలము నాక్రమించి తిరిగి ఈయకుండుటయు, ప్రింటరు వరుసలో నొక కాగితము అడ్డుపడి తక్కిన వానిని నిలిపివేయుటయు, ఇట్టివన్నియు యంత్రము మొదటినుండి లేచినచో వాటంతట అవియే సర్దుకొనును. కాని ఆ మాట తెలిసినచో సారునకు చాయ యెవరిత్తురు? కావున ఆయన సరియైన ఘట్టమున, "పిన్నీ, కొంచెం మంచినీళ్లియ్యండి" అనును. ఆమె లోనికి పోయి చెంబు ముంచుకొని వచ్చునంతలో పని ముగియును; ఆమె తిరిగి వచ్చుసరికి తెర వెలుగుచుండును, సారు చెమట తుడుచుకొనుచుండును. ఈ ఉపాయము చాలకాలము నిర్విఘ్నముగా సాగినది. క్రమముగా ఇల్లాండ్రు గౌరవముకొలది ఆయన రాకమునుపే చెంబును గ్లాసును తెచ్చి బల్లమీద నుంచి, ఎదుట కుర్చీ వేసికొని కూర్చుండ మొదలిడిరి. వైద్యము ప్రమాదమున పడినది. నాటినుండి ఆయన నీళ్లు మాని టీ అడుగుచున్నాడు. అది కాగుటకు పట్టు సమయములో ఎట్టి దీర్ఘరోగమైనను కుదురును.

తెలివిగల గృహస్థు డొకడు అడుగవచ్చును: "ఆపి వేయడమే అయితే మేము రోజూ ఆపుతూనే ఉన్నాం గదా, మాకెందుకు బాగుకాదు?" ఇచ్చటనే ఈ విద్యలోని మర్మమున్నది. 2012లో విండోస్ ఎనిమిది వచ్చినది మొదలు, ప్రొద్దున త్వరగా లేచుటకై, షట్‌డౌన్ అన్నప్పుడు యంత్రము పూర్తిగా విశ్రమింపదు. తెరచియున్న ప్రోగ్రాములను మూసివేయును గాని, తన అంతరంగమగు కెర్నెలు స్థితిని డిస్కుమీద వ్రాసిపెట్టుకొని, మరునాడు దానినే చదువుకొని లేచును. నిన్నటి తికమక నేటికి సంక్రమించును. రీస్టార్ట్ అన్నప్పుడు మాత్రమే పాతదంతయు విడిచి క్రొత్తగా నారంభించును. కావున రోజూ ఆపుచున్నామను గృహస్థుని మాట సత్యము. ఆపుటచే కుదురలేదనుటయు సత్యము. మెనూలో ఒకదానిక్రింద నొకటిగా నున్న ఆ రెంటిలో పైదానిని లోకము నొక్కును, క్రిందిదానిని సారు నొక్కును. బెత్తెడైనను లేని ఆ యెడమునందే ఆయన పలుకుబడి యంతయు నిలిచియున్నది.

రీస్టార్టునకు లొంగని రోగమునకు శస్త్రచికిత్స కలదు. దానిని "ఫార్మాటు కొట్టుట" అందురు. అప్పుడు సారు ముఖము మారును. కొట్టుటకు పూర్వము ఇంటివారందరిని పిలిపించి ప్రమాణము చేయించును.

"సీ లో ఏమన్నా ఉన్నయా?"

"ఏం లెవ్వు, కొట్టెయ్యండి."

"డెస్క్‌టాప్ మీద?"

"అది సీ కాదుగా సారూ, ఎదురుగానే ఉంది."

పూర్వము ఏ, బీ అక్షరములు ఫ్లాపీలకు పోగా, డిస్కు సీతో మొదలగుట యాచారమైనది; ఎదుట కనబడు డెస్క్‌టాప్ కూడ ఆ సీ గర్భముననే యున్నది. కాని కన్నుల యెదుట నున్నది భద్రముగా నున్నదని నమ్ముట మానవస్వభావము. అందుచే కుమార్తె ఓణీల వేడుక ఫొటోలు, చీటీపాటల లెక్కలు, భూమి కాగితముల స్కానులు అన్నియు అచ్చటనే పెరుగుచుండును. ఫార్మాటు ముగిసి, క్రొత్త విండోస్ కళకళలాడుచు లేచినంతనే, ఇల్లాలికి ఓణీల వేడుక జ్ఞప్తికి వచ్చును. ఆ రోదనమును వర్ణింప నేను చాలను. సారు ఈ బాధ పడలేక, ఎవరేమి ప్రమాణము చేసినను నమ్మక, ముందుగానే సమస్తమును తన హార్డ్‌డిస్కులోనికి ఎత్తిపెట్టుకొనును. కొంతసేపు ఏడ్వనిచ్చి, పిదప, "చూస్తానుండండి, వస్తయేమో" అని తీసి యిచ్చును. ఇది క్రూరమని కొందరందురు, నేననను. ఏడువకముందే యిచ్చినచో మరునాడు మరల డెస్క్‌టాప్ మీదనే పెట్టుదురు. ఏడ్చి పొందినవారును అచ్చటనే పెట్టుదురు గాని, నెల తరువాత.

చిల్లర రోగముల సంగతి వేరు. గడియారమును నడుపు బిళ్లబ్యాటరీ క్షీణించినప్పుడు యంత్రము తన్ను తాను ఏనాటికాలముననో యున్నట్లు భావించును; అప్పటికి ఇంకను జారీ కాని ధ్రువపత్రములను చూపు బ్యాంకు సైటులను నమ్మక తిరస్కరించును. ఊరివారు బ్యాంకే పోయినదని గుండె పట్టుకొందురు. సారు బిళ్ల మార్చి తేదీ దిద్దును. పెండ్లిండ్ల కాలమున డీటీపీ కొట్టువారు పిలుతురు: అనూ ఫాంట్లలో కూర్చిన శుభలేఖ, ఆ ఫాంట్లు లేని యంత్రమున తెరువబడి, చిరంజీవియు సౌభాగ్యవతియు మాయమై, ఆంగ్లాక్షరములును చుక్కలును గుప్పించినట్లగును. అక్షరముల స్థానములను యూనికోడు 1991లోనే తెలుగునకు ప్రత్యేకించి యిచ్చినను, మన ముద్రణాలయములు చాలకాలము ఆంగ్లాక్షరముల స్థానములలోనే తెలుగు రూపములను దాచుకొనుటవలని ఫలమిది. సారు ఫాంటు వేసి, ముహూర్తము తప్పకుండ కాపాడును; ఆ పెండ్లికి ఆయనను పిలుచుట మాత్రము తరచుగా మరతురు.

ఈతని జీవితమున మహోత్సవమనదగిన దినము 2024 జులై 19. ఆనాడు క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతాసంస్థవారు పంపిన దోషయుక్తమైన అప్‌డేటుచేత ప్రపంచమంతట సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెరతో మూర్ఛిల్లినవి; విమానాశ్రయములు స్తంభించినవి; హైదరాబాదునుండి కలకత్తా పోవు ప్రయాణికునికి బోర్డింగు పాసు చేతితో వ్రాసి యిచ్చిన చిత్రము దేశమంతయు చూచినది. మా జిరాక్సు కొట్లలో అట్టి ఖరీదైన కాపలా లేకపోవుటచే ఏ యంత్రమునకును చీమయైనను కుట్టలేదు. కాని సారు సంతోషమునకు హేతువు అది కాదు. తమ క్లౌడులోని కొన్ని యంత్రములను పలుమారులు, పదునైదు పర్యాయములవరకైనను, రీస్టార్టు చేసినచో కోలుకొనవచ్చునని మైక్రోసాఫ్టువారే ప్రకటించిరి. ఆ ప్రకటనమును ఫోనులో దాచుకొని ఆయన బస్టాండునుండి బజారువరకు కనబడినవారి కెల్ల చూపినాడు. తన మర్మము తానే బయటపెట్టుకొనుచున్నాడని ఆయనకు తోచలేదు. విన్నవారికిని తోచలేదు; "అమెరికావోళ్లు మన సారు దగ్గర నేర్చుకున్నారు" అని మాత్రమే వారు గ్రహించిరి.

మరుసటి యేడు మరియొక పర్వము వచ్చినది. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ పదికి కంపెనీ పోషణ ముగియునని తెలిసి, సారు వారమునకు ముందునుండియే ఇల్లిల్లును తిరిగి ఆ వార్త చెప్పినాడు. బస్టాండు చేరువ నొక ముసలి జిరాక్సు వ్యాపారి కలడు. ఆయన కంప్యూటరు పదేండ్ల నాటిది.

"బాబాయ్, పద్నాలుగో తారీఖుతో దీని సపోర్టు అయిపోద్ది. పదకొండు వెయ్యాలె. నీ బోర్డులో టీపీఎం లేదు, పదకొండు ఎక్కదు. కొత్తది కొనాలె."

వ్యాపారి ఆధారుకార్డు నొకదానిని అద్దముమీద బోర్లించి మూత వేయుచు, "పదిహేనో తారీఖు ప్రింటు వస్తదా, రాదా?" అనెను.

"వస్తది."

"మరి పోయేది ఏంది?"

"సపోర్టు బాబాయ్. రేపు ఏదన్నా అయితే కంపెనీవోళ్లు చూడరు."

"ఇన్నేండ్లు ఏ కంపెనీవోడు వచ్చి చూశాడయ్యా? నువ్వే గదా వచ్చేది."

ఈ మాటకు మా సారు ఉబ్బెనో నొచ్చెనో నాకు నిర్ణయింప వలనుపడలేదు. ఆయన సంచి దించి, కుర్చీ లాగుకొని కూర్చుండి, వ్యాపారి తెప్పించిన టీ త్రాగి, కంప్యూటరు ఏ దోషమును లేక చక్కగా నడుచుచున్నను ప్రక్క పలక విప్పి చూచి, "బొగ్గు" అనెను.