విజేతపై నింద: తయారీ, రవాణా, నిల్వ

క్రీడా పత్రికల్లో వచ్చే మోసం వార్తకు ముడిసరుకు గెలుపు. దానికి తోడు మోసం కూడా ఉంటే మంచిదే. లేకపోయినా పని ఆగదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో, అంటే కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి, చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆటలో, ఈ ముడిసరుకు దాదాపు ఇరవై ఏళ్లు ఒకే చోట దొరికింది. ఆ చోటు మసాచుసెట్స్ రాష్ట్రం ఫాక్స్‌బరోలోని న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు. 2002 నుంచి 2019 దాకా ఆ జట్టు ఆరు సూపర్ బౌల్‌లు, అంటే సీజన్ ఫైనల్‌లు, గెలిచింది. కోచ్ బిల్ బెలిచిక్ విలేకరుల ప్రశ్నలకు ముక్తసరిగా, గొణుగుతూ జవాబిచ్చే మనిషి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ అందగాడు, పెళ్లాడింది ప్రపంచ ప్రఖ్యాత మోడల్‌ని. ఇన్ని అర్హతలున్న జట్టు కష్టపడి గెలిచిందని రాస్తే చదివేదెవరు?

ఓడే జట్టు దగ్గర ఈ సూత్రం పనిచేయదు. అట్లాంటా ఫాల్కన్స్ 2013, 2014 సీజన్లలో సొంత మైదానంలో స్పీకర్ల నుంచి దొంగ కేకలు వినిపించి ఎదుటి జట్టుకు మాట వినపడకుండా చేసినట్టు తేలింది. 350,000 డాలర్ల జరిమానా పడింది, ఒక డ్రాఫ్ట్ ఎంపిక, అంటే కొత్త ఆటగాణ్ని ఎంచుకునే వంతు, పోయింది. క్లీవ్‌లండ్ బ్రౌన్స్ జనరల్ మేనేజర్ మ్యాచ్ నడుస్తుండగా కింద ఉన్న సిబ్బందికి ఫోన్లో సందేశాలు పంపి నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్ తెచ్చుకున్నాడు. 2014 నవంబరు 30న మినియాపొలిస్‌లో, ఎముకలు కొరికే చలిలో, మినసోటా, కరోలినా జట్ల మ్యాచ్‌లో సైడ్‌లైన్ మీద హీటర్ల దగ్గర బంతులు వెచ్చబెడుతుంటే టీవీ కెమెరాలే చూపించాయి. బంతిని మార్చడమంటే అదే. ఆట నడిపే లీగ్ ఒక హెచ్చరికతో సరిపెట్టింది. ఫాల్కన్స్ 2014లో 16 మ్యాచ్‌లకు ఆరు గెలిచారు, బ్రౌన్స్ ఏడు. నేరం ఉంది, రుజువు ఉంది, శిక్ష కూడా ఉంది. గెలుపు లేకపోవడంతో వార్త నిలవలేదు.

గెలుపు దొరికాక కావలసింది ఆధారం. దీన్ని సరఫరా చేసేవి విశ్వసనీయ వర్గాలు. ఆ వర్గాలకు పేరుండదు, హోదా ఉండీ లేనట్టుంటుంది, ప్రయోజనం మాత్రం తప్పకుండా ఉంటుంది. ఓడిన జట్టు కోచ్ చెప్పినా, ఉద్యోగం ఊడిన సహాయకుడు చెప్పినా, విచారణ జరిపే సంస్థలోనే కూర్చున్న అధికారి చెప్పినా అచ్చులో ఒకే బిరుదు. కళ్లారా చూసినవాడికీ, చూసినవాడి దగ్గర విన్నవాడికీ, ఆ ఇద్దరూ మాట్లాడుకుంటుంటే పక్క బల్ల మీద భోంచేస్తున్నవాడికీ గౌరవంలో తేడా చూపకపోవడం ఈ వృత్తిలోని సమత్వం.

2007లో పేట్రియట్స్ నిజంగానే పట్టుబడ్డారు. ఆ సెప్టెంబరు 9న న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్‌లో వారి వీడియో సహాయకుడు ఎదుటి కోచ్‌ల చేతి సైగలను సైడ్‌లైన్ నుంచి చిత్రీకరిస్తూ దొరికాడు. సైగలు చూసి అర్థం చేసుకోవడం నేరం కాదు. అక్కడ నిలబడి తీయకూడదని లీగ్ అంతకు ఏడాది ముందే అన్ని జట్లకూ రాసింది. కమిషనర్ రోజర్ గుడెల్ బెలిచిక్‌కు 500,000 డాలర్లు, జట్టుకు 250,000 డాలర్లు జరిమానా వేసి, మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపిక లాగేసుకున్నాడు. ఆ తర్వాత స్వాధీనం చేసుకున్న టేపులను లీగే ధ్వంసం చేసింది. విలేకరికి అంతకంటే అనుకూలమైన పరిస్థితి ఉండదు. ఉన్న టేపులో ఏముందో చూసి రాయాలి. లేని టేపులో ఏమైనా ఉండొచ్చు. పెన్సిల్వేనియా సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ ఈ ధ్వంసంపై లీగ్‌ను గట్టిగా నిలదీశాడు. 2005 సూపర్ బౌల్‌లో పేట్రియట్స్ చేతిలో ఓడింది ఆయన రాష్ట్రపు ఫిలడెల్ఫియా ఈగల్స్ కావడం కేవలం యాదృచ్ఛికం.

లేని టేపును బోస్టన్ హెరాల్డ్ 2008 ఫిబ్రవరి 2న ప్రచురించింది. 2002 సూపర్ బౌల్‌కు ముందు రోజు సెయింట్ లూయిస్ రామ్స్ తమ ఎత్తుగడలను మైదానంలో మెల్లగా నడిచి సరిచూసుకుంటుంటే పేట్రియట్స్ మనిషి దాన్ని రహస్యంగా చిత్రీకరించాడన్నది కథ. ఆ సూపర్ బౌల్‌ను పేట్రియట్స్ 20–17తో గెలిచారు. తేదీ ఎంపికలో ఉన్న నైపుణ్యాన్ని మెచ్చుకోవాలి: ఆ సీజన్‌లో 16కు 16 లీగ్ మ్యాచ్‌లు గెలిచిన జట్టు మర్నాడు సూపర్ బౌల్ ఆడబోతోంది. ఆరేళ్లు ఆగిన వార్త ఇంకో రెండు రోజులు ఆగలేకపోయింది. మే నెలలో జట్టు మాజీ వీడియో సహాయకుడు తన దగ్గరున్న టేపులన్నీ లీగ్‌కు అప్పగించాడు. రామ్స్ సాధన వాటిలో లేదు. తేలిందల్లా, ఆ వేళకు వీడియో సిబ్బంది మర్నాటి మ్యాచ్ కోసం అదే స్టేడియంలో కెమెరాలు బిగించుకుంటున్నారని. కెమెరాలు అక్కడే ఉన్నాయి, రామ్స్ అక్కడే ఉన్నారు. రెండింటినీ కలిపే శ్రమ పత్రిక తీసుకుంది. మే 14న క్షమాపణ వేస్తూ, అలాంటి టేపును తాము చూడలేదనీ, చూసినవారెవరితోనూ మాట్లాడలేదనీ ఒప్పుకుంది.

ఆధారం పలచగా ఉన్నచోట దాన్ని చిక్కబరిచేది అంకె. "బంతుల్లో గాలి తగ్గినట్టుంది" అంటే అది అనుమానం. "12 బంతుల్లో 11, ఒక్కోదానిలో రెండు పౌండ్లు తక్కువ" అంటే పరిశోధన. 2015 జనవరి 18న, సూపర్ బౌల్‌కు చేర్చే మ్యాచ్‌లో, ఇండియానాపొలిస్ కోల్ట్స్‌ను పేట్రియట్స్ 45–7తో ఓడించారు. నిబంధన ప్రకారం బంతిలో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 12.5 నుంచి 13.5 పౌండ్ల మధ్య ఉండాలి. ఏ జట్టు బంతులు ఆ జట్టే తెచ్చుకుంటుంది. రెండు రోజులకు క్రీడా చానల్ ఈఎస్‌పీఎన్ విలేకరి క్రిస్ మోర్టెన్సన్, లీగ్ వర్గాలను ఉటంకిస్తూ, పై అంకెను ట్విటర్‌లో పెట్టాడు. సూపర్ బౌల్‌కు ముందున్న ఖాళీ రోజుల్లో దేశానికి వేరే పని లేకుండా పోయింది.

అసలు అంకెలు మే నెలలో, లీగ్ విచారణకు నియమించిన న్యాయవాది టెడ్ వెల్స్ ఇచ్చిన 243 పేజీల నివేదికలో బయటికొచ్చాయి. విరామంలో కొలిచింది 11 బంతులే. రెండు గేజిలతో కొలిచారు. అన్నీ 12.5 కంటే తక్కువే చూపించాయి, ఆ మాట నిజం. కానీ రెండు పౌండ్ల తరుగు కనిపించింది ఒక్క బంతిలో, అదీ ఒక గేజి మీద. రెండో గేజి మీద అదే బంతికి 10.9 వచ్చింది. కోల్ట్స్ బంతులు నాలుగు కొలిచేసరికి విరామం అయిపోయింది. ఆ నాలుగింటిలో మూడు కూడా ఒక గేజి మీద 12.5 కిందే ఉన్నాయి. ఈ కొలతల కాగితం మ్యాచ్ రాత్రి నుంచీ లీగ్ దగ్గరే ఉంది. అయినా మర్నాడు జట్టుకు రాసిన లేఖలో లీగ్, ఒక బంతి 10.1 చూపించిందనీ, కోల్ట్స్ బంతులన్నీ సక్రమంగా ఉన్నాయనీ తెలియజేసింది. రెండూ తప్పే. విశ్వసనీయ వర్గాలకు అసలు లెక్క అందుబాటులో లేక పొరపడ్డాయని అనుకోవడానికి కూడా వీల్లేదు.

ఇక భౌతికశాస్త్రం. వెచ్చని గదిలో గాలి నింపిన బంతిని చలిలోకి తీసుకెళ్తే ఒత్తిడి పడిపోతుందని హైస్కూలు పిల్లలకు తెలుసు. డ్రెస్సింగ్ రూమ్ దాదాపు 22 డిగ్రీల సెల్సియస్, మైదానం 9 డిగ్రీలు. 12.5తో బయలుదేరిన బంతి విరామానికి 11.32 నుంచి 11.52 దాకా పడిపోవాలని వెల్స్ నియమించిన శాస్త్ర సంస్థే లెక్కగట్టింది. ఒక గేజి ప్రకారం పేట్రియట్స్ బంతుల సగటు 11.49, అంటే చలి చేసిన పని. ఇంకో గేజి ప్రకారం 11.11, అంటే మనిషి చేసిన పని. మ్యాచ్‌కు ముందు ఏ గేజి వాడారన్న దాని మీదే కేసంతా ఆధారపడింది. ఎక్కువ చూపించే గేజి వాడినట్టు గుర్తని రిఫరీ చెప్పాడు. మిగతా విషయాలన్నిటిలో ఆయన జ్ఞాపకాన్ని నమ్మిన నివేదిక, సరిగ్గా ఈ ఒక్కచోట ఆయన మరిచిపోయి ఉంటాడని తేల్చింది. పాత్రికేయులకు ఇక్కడ నెలలకు సరిపడా పని ఉంది. వారు మాత్రం బెలిచిక్ తన విలేకరుల సమావేశంలో వాతావరణం గురించి మాట్లాడినప్పుడు నవ్వారు.

జట్టుకు వ్యతిరేకంగా ఏమీ లేదని దీనర్థం కాదు. రిఫరీల గది చూసుకునే జట్టు ఉద్యోగి ఒకడు మ్యాచ్‌కు ముందు బంతుల సంచులతో మరుగుదొడ్డిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, దాదాపు 1 నిమిషం 40 సెకన్ల తర్వాత బయటికొచ్చాడు. అతను తనను తాను గాలి తీసేవాడిగా చెప్పుకున్న ఫోన్ సందేశం కూడా ఉంది. అనుమానించడానికి ఇది నికార్సయిన సరుకు. దీన్ని తవ్వి తీసింది విచారణ బృందం, వార్త రాసినవారు కాదు. వారి చేతిలో ఉన్నది తప్పు అంకె ఒక్కటే.

అంకె పాతబడితే గణాంకం వస్తుంది. ఆ జనవరిలోనే ఒక విశ్లేషకుడు పేట్రియట్స్ చేతుల్లోంచి బంతి జారడం నమ్మశక్యం కానంత అరుదని, గాలి తగ్గించడమే కారణం కావచ్చని లెక్కలు వేశాడు. పెద్ద పత్రికలు ఎత్తుకున్నాయి. పైకప్పున్న స్టేడియంలలో ఆడే జట్లను ఆయన పట్టికలోంచి తీసేశాడని, వాటిని తిరిగి కలిపితే అద్భుతం చాలావరకు మామూలుదైపోతుందని గణాంక నిపుణులు చూపించారు. బంతి పోగొట్టుకున్నవాడిని బెలిచిక్ బెంచీ మీద కూర్చోబెడతాడన్న వివరణ అప్పటికే అందరికీ తెలుసు, కానీ అందులో రసవత్తరమైనదేమీ లేదు.

ఒకసారి పరిశ్రమ స్థిరపడ్డాక ముడిసరుకు దానంతటదే వచ్చి పడుతుంది. 2015 సెప్టెంబరు 10న పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కోచ్‌ల హెడ్‌సెట్లలో పేట్రియట్స్ రేడియో వ్యాఖ్యానం వినిపించింది. తెల్లారేసరికి కుట్ర సిద్ధం. కోచ్‌ల హెడ్‌సెట్లు సరఫరా చేసేది లీగే. స్టేడియం కరెంటు ఏర్పాట్లలో లోపం, దానికి వాన తోడైందని లీగే ప్రకటించింది. ఎదుటి కోచ్‌కు తమ సొంత రేడియో వినిపించడం వల్ల గెలిచే జట్టుకు ఒరిగేదేమిటో ఎవరూ వివరించలేదు.

సవరణ ఈ సరుకుకు అనుబంధ ఉత్పత్తి. దాన్ని చిన్న పొట్లాల్లో, జనం లేని వేళల్లో పంపిణీ చేస్తారు. ఈ విషయంలో హెరాల్డ్‌ను వేరుగా చూడాలి: క్షమాపణను మొదటి పేజీలోనే వేసింది. 11 బంతుల ట్వీట్ మాత్రం నివేదిక వచ్చి తప్పని తేలాక కూడా ఆగస్టు దాకా అలాగే ఉండి, అప్పుడు మాయమైంది. అదే ఆగస్టులో ఈఎస్‌పీఎన్, హెరాల్డ్ ఏడేళ్ల కిందట వెనక్కి తీసుకున్న రామ్స్ టేపు కథను నిజమన్నట్టు ప్రసారం చేసి, అర్ధరాత్రి దాటాక క్షమాపణ చదివింది. రద్దయిన వార్త చావదు, సెలవు మీద వెళ్తుంది. రామ్స్ మాజీ ఆటగాడు మార్షల్ ఫాల్క్ లాంటివారు ఆ ఓటమిపై అనుమానాలు వ్యక్తం చేస్తూనే వచ్చారు. వాటిని మళ్లీ అడిగేవారికీ కొరత రాలేదు.

ఇంత జరిగాక వాదించేవారికి మిగిలే చివరి మాట, నిప్పు లేనిదే పొగ రాదని. 2007లో నిప్పు ఉంది. 2019 డిసెంబరులో క్లీవ్‌లండ్‌లో జట్టు వీడియో సిబ్బంది సిన్సినాటి బెంగాల్స్ సైడ్‌లైన్‌ను చిత్రీకరిస్తూ పట్టుబడినప్పుడూ ఉంది; దానికి 1.1 మిలియన్ డాలర్ల జరిమానా పడింది. ఈ రెండు చోట్లా పొగ అక్కర్లేకపోయింది: తీసిన వీడియో ఉంది, తీసినవాడు ఉన్నాడు, సంతకం చేసిన ఉత్తర్వు ఉంది. పొగ కావలసి వచ్చింది మిగతా చోట్ల. చూడని టేపు, లేని రెండు పౌండ్లు, తడిసిన హెడ్‌సెట్ వచ్చి చేరాక అసలు తప్పులు కూడా అభిమానుల దృష్టిలో పత్రికల అసూయగా మారిపోయాయి. జట్టుకు ఇంత చవకైన వకాల్తా మరెవరూ పుచ్చుకోలేదు.

బంతుల కేసులో బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్, జట్టుకు పది లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. 2015 సెప్టెంబరులో జిల్లా జడ్జి సస్పెన్షన్ కొట్టేశాడు, 2016 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 2–1తో పునరుద్ధరించింది. కోర్టులు తేల్చింది కమిషనర్ అధికారం సంగతి. బంతిలో గాలి సంగతి కాదు. శిక్ష అనుభవించి వచ్చిన బ్రేడీ ఆ సీజన్ చివర 28–3తో వెనకబడిన సూపర్ బౌల్‌ను 34–28తో గెలిచాడు. ఓడినది ఫాల్కన్స్, దొంగ కేకల జట్టు.

గాలి సంగతి తేల్చగలిగిన అంకెలు ఒకచోట ఉండేవి. 2015 సీజన్‌లో లీగ్ కొన్ని మ్యాచ్‌లను ఎంచుకుని, విరామంలో బంతులు కొలిపించింది. చలిలో బంతులు ఎంత తగ్గుతాయో అందులో తెలిసి ఉండాలి. లీగ్ ఆ కొలతలు ప్రకటించలేదు. రెండు రోజుల్లో 11 బంతుల లెక్క పట్టుకొచ్చిన వర్గాలు వీటి జోలికి పోలేదు. 2022లో వచ్చిన ఒక పుస్తకం, ఆ కొలతలను లీగ్ చెరిపేయించిందని చెప్పింది. ఆ సంగతి రచయితకు చెప్పిందెవరో అందులో పేరు లేదు.